ఆరుగురు పాఠం చెప్పాలంటే ఏడుగురు ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయన్న వార్త ఏదో ఒక రూపంలో పత్రికల్లో వస్తూనే ఉంటుంది. ఆ విశ్వవిద్యాలయాల నుంచి చెప్పుకోదగిన పరిశోధన రావడం లేదన్న వ్యాసమూ అంతే తరచుగా వస్తుంది. మొదటిది వచ్చినప్పుడు పీహెచ్‌డీలు చేసి ఖాళీగా ఉన్న యువత గురించి, రెండోది వచ్చినప్పుడు అధ్యాపకుల బద్ధకం గురించి చర్చ జరుగుతుంది. ఇవి ఒకే తాడుకున్న రెండు కొసలని చెప్పిన చర్చ మాత్రం నాకు పెద్దగా కనిపించలేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి, అందులో కొంతకాలం శాఖాధిపతిగా ఇతరుల సెలవు దరఖాస్తుల మీద సిఫారసులు రాసి, పదవీ విరమణ చేసిన వాడిగా, పరిశోధన సెలవు ద్వారా ఏర్పడే ఆ సంబంధాన్ని వివరించడానికి ఈ లేఖ రాస్తున్నాను. నిడివి కొంచెం ఎక్కువైనా ప్రచురించగలరు.

పాఠాల నుంచి విడిపించి పరిశోధనకే కేటాయించే కాలమైన పరిశోధన సెలవంటే అధ్యాపకులకు అదనంగా దక్కిన సౌకర్యమని అనుకునేవారు సచివాలయాల్లోనే కాదు, విశ్వవిద్యాలయ పాలక మండళ్లలోనూ ఉన్నారు. అసలు సెలవు అనే మాటే దీనికి చేటు చేసిందనిపిస్తుంది. సెలవంటే మనకు బడి లేని రోజు. దీనికి ఇంగ్లీషులో వాడే సబాటికల్ అన్న పేరు వెనక ఉన్న భావం వేరు. ఆరేళ్లు సాగు చేసిన భూమికి ఏడో ఏట విశ్రాంతి ఇవ్వాలని, ఆ ఏడు విత్తనం వేయకూడదని యూదుల ధర్మశాస్త్రం విధించింది. బైబిల్‌లోని లేవీయకాండం 25వ అధ్యాయంలో ఈ నియమం కనిపిస్తుంది. చేనును పడావు పెట్టిన రైతు వ్యవసాయం మానేశాడని ఎవరూ అనరు. ఈ ఏడేళ్ల లెక్కను విశ్వవిద్యాలయంలోకి తెచ్చినది హార్వర్డ్. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న చార్లెస్ లాన్మన్ అనే భాషాపండితుణ్ని 1880లో తమ దగ్గరికి రప్పించుకోదలచిన హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్, ఏడో సంవత్సరం సగం జీతంతో సెలవు తీసుకోవచ్చన్న హామీని ఆయన ముందుంచాడు. లాన్మన్ అక్కడ చెప్పవలసింది సంస్కృతం. తర్వాత 1889లో ఆయన భారతదేశమంతా తిరిగి రాతప్రతులు సేకరించి హార్వర్డ్ గ్రంథాలయానికి చేర్చాడు. ఈ కథలో నాకు ముఖ్యమనిపించిన సంగతి ఏమిటంటే, పరిశోధన సెలవు సంక్షేమ పథకంగా పుట్టలేదు, నియామక షరతుగా పుట్టింది. మంచి పండితుడు రావాలంటే మనం ఏమివ్వాలి అన్న ప్రశ్నకు అది జవాబు. కాలక్రమంలో నియామకాలు ఒక ఫైలులోకి, సెలవులు మరో ఫైలులోకి వెళ్లిపోయాయి. రెండింటికీ వేర్వేరు సెక్షన్లు, వేర్వేరు సూపరింటెండెంట్లు ఏర్పడ్డారు. ఒక సెక్షన్‌లో ఏం జరుగుతోందో రెండో సెక్షన్‌కు తెలియవలసిన అవసరం లేకుండా పోయింది.

బోధన, పరిశోధన రెండూ ఒకే మనిషి చేయాలన్న ఆలోచనను 1810లో విల్హెల్మ్ ఫాన్ హంబోల్ట్ ప్రణాళిక మీద మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయం ప్రపంచానికి అలవాటు చేసింది. ఆ ఆలోచనను ఒప్పుకున్న ప్రభుత్వం దానికయ్యే ఖర్చును కూడా ఒప్పుకోవాలి. పాఠాల మధ్య దొరికే గంటల్లో కొన్ని పనులు జరుగుతాయి: ఒక సమీక్ష రాయవచ్చు, విద్యార్థి థీసిస్‌లో ఒక అధ్యాయం దిద్దవచ్చు, పాత వ్యాసానికి మెరుగులు పెట్టవచ్చు. కొన్ని జరగవు. పత్రభాండాగారంలో నెలల తరబడి కట్టలు విప్పి చూడవలసిన చరిత్రకారుడికి, ఒకే ఊళ్లో వరసగా రెండు పంటకాలాలు గమనించవలసిన సామాజిక శాస్త్రవేత్తకు, వేరే ప్రయోగశాలలోని పరికరం మీద తన వంతు కోసం కాచుకోవలసిన భౌతిక శాస్త్రవేత్తకు, ఒక సమస్యను వదిలిపెట్టకుండా తలలో మోస్తూ తిరగవలసిన గణిత శాస్త్రవేత్తకు సోమవారం రెండు గంటలు, గురువారం మూడు గంటలు ఇస్తే ఏ ప్రయోజనమూ లేదు. వేసవి సెలవులున్నాయి కదా అని అడుగుతారు. వేసవిలో జవాబు పత్రాలు దిద్దాలి, ప్రవేశాల కౌన్సెలింగ్‌లో కూర్చోవాలి, సిలబస్ మార్పుల సమావేశాలకు వెళ్లాలి, రాబోయే తనిఖీ బృందానికి చూపించడానికి నివేదికలు తయారు చేయాలి. నా సర్వీసులో ఒక్క వేసవి కూడా పూర్తిగా నా చేతిలో ఉండలేదు. సెలవు లేనిచోట పరిశోధన మొత్తంగా ఆగిపోతుందని నేను అనను. అది చిన్నదైపోతుంది. ఆరు నెలల్లో ముగిసే ప్రశ్నలనే అడగడం అధ్యాపకుడికి అలవాటవుతుంది. పదోన్నతి పాయింట్లకు అవి చాలు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.

నిబంధనలు లేక ఈ పరిస్థితి వచ్చిందనుకుంటే పొరపాటు. విశ్వవిద్యాలయాలకు నియమాలు విధించే కేంద్ర సంస్థ యూజీసీ 2018 జులైలో ప్రకటించిన నియమావళి ప్రకారం సహ ఆచార్యుడిగా (అసోసియేట్ ప్రొఫెసర్) గానీ ఆచార్యుడిగా గానీ ఏడేళ్లు పనిచేసిన శాశ్వత అధ్యాపకుడు సబాటికల్‌కు అర్హుడు. ఒక విడతలో ఏడాదికి, ఉద్యోగ జీవితం మొత్తంలో రెండేళ్లకు మించకుండా, పూర్తి జీతంతో దాన్ని వాడుకోవచ్చు. సహాయ ఆచార్యులకు (అసిస్టెంట్ ప్రొఫెసర్లకు) మూడేళ్ల సర్వీసు తర్వాత అధ్యయన సెలవు ఉంది. తిరిగి వచ్చాక కనీసం మూడేళ్లు అక్కడే పనిచేస్తామని బాండు రాసివ్వాలి. కాగితం మీద చూస్తే ఇది లాన్మన్‌కు దక్కిన సగం జీతం కన్నా ఉదారంగానే ఉంది. కేంబ్రిడ్జిలో ఆరు టర్ములు పనిచేసిన అధ్యాపకుడికి ఒక టర్ము సెలవు జమ అవుతుంది. నిష్పత్తిలో చూస్తే అదీ ఏడింట ఒక వంతే. కనుక మన నియమం ఎవరి నియమానికీ తీసిపోయినది కాదు. చిక్కంతా 'మంజూరు చేయవచ్చు' అన్న క్రియలో ఉంది. మంజూరు చేయకపోవడానికి ఒక్క కారణం చాలు, ఆ కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: శాఖలో పాఠం చెప్పేవారు లేరు.

నా అనుభవం చెబుతాను. నేను మొదటిసారి దరఖాస్తు పెట్టిన సంవత్సరం మా శాఖలో ఇద్దరు పదవీ విరమణ చేశారు. ఆ స్థానాలు నిండాక చూద్దామన్నారు. నాలుగేళ్ల తర్వాత రెండోసారి పెట్టేసరికి ఆ రెండూ నిండకపోగా మరో పోస్టు ఖాళీ అయింది. మూడోసారి దరఖాస్తు పెట్టే అవసరం రాలేదు, ఎందుకంటే అప్పటికి నేనే శాఖాధిపతిని. నా ముందుకు ఒక యువ సహోద్యోగి దరఖాస్తు వచ్చింది. ఆయన చేయదలచిన పని విలువైనదని నాకు తెలుసు. ఆయనను ఆహ్వానించిన సంస్థ మంచిదనీ తెలుసు. అయినా 'దరఖాస్తుదారు బోధిస్తున్న పత్రాలకు ప్రత్యామ్నాయ ఏర్పాటు లేనందున ప్రస్తుతం సిఫారసు చేయలేకపోతున్నాను' అని నా చేత్తోనే రాశాను. నా దరఖాస్తు మీద నా ముందరి శాఖాధిపతి రాసిన వాక్యం కూడా ఇంచుమించు ఇదే. ఆ వాక్యం వారసత్వంగా వస్తున్నదని, అది రాసేవాడికి దురుద్దేశం అక్కరలేదని అప్పుడు అర్థమైంది.

లెక్క వేసి చూద్దాం. యూజీసీ నియమం ప్రకారం సహాయ ఆచార్యుడు వారానికి 16 గంటలు, సహ ఆచార్యుడు, ఆచార్యుడు చెరి 14 గంటలు ప్రత్యక్ష బోధన చేయాలి. ఒక ఆచార్యుడు, ఇద్దరు సహ ఆచార్యులు, నలుగురు సహాయ ఆచార్యులు ఉన్న ఒక చిన్న శాఖను ఊహించండి. మొత్తం 106 గంటల బోధన ఉంటుంది. సహాయ ఆచార్యుల పోస్టుల్లో మూడు ఖాళీ అయితే 48 గంటలు గాలిలో వేలాడతాయి. ఆ గంటల్లో కొన్ని అతిథి అధ్యాపకులకు పోతాయి, కొన్ని మిగిలిన నలుగురి నెత్తిన పడతాయి, మరికొన్ని, నిజం చెప్పాలంటే, టైంటేబుల్‌లో మాత్రమే ఉంటాయి. ఈ స్థితిలో ఒక సహ ఆచార్యుడు ఏడాది సెలవు అడిగితే ఇంకో 14 గంటలు పోతాయి. వాటితోపాటు ఆయన కింద పరిశోధన చేస్తున్న విద్యార్థులు, ఆయన చూసే పరీక్షల పని, ఆయన సభ్యుడిగా ఉన్న కమిటీలు కూడా దిక్కులేనివవుతాయి. సెలవు నిరాకరించిన అధికారి ఆ ఏటి వరకు న్యాయమే చేశాడు. అన్యాయం అంతకు ముందెప్పుడో, మూడు పోస్టులు నింపకుండా వదిలేసిన రోజున జరిగింది.

అయితే ఆ ఏడు పోస్టులూ నిండి ఉన్నా నా ఫిర్యాదు పూర్తిగా తీరదు, ఎందుకంటే ఏడుగురికీ నిండా గంటలు కేటాయించి ఉన్నాయి. ప్రతి ఒక్కరూ ఏడేళ్లకొకసారి ఏడాది సెలవు తీసుకుంటే, ఏ సంవత్సరం చూసినా సగటున ఏడుగురిలో ఒకరు శాఖలో ఉండరు. అంటే ఆరుగురు పాఠం చెప్పాలంటే ఏడుగురు ఉద్యోగంలో ఉండాలి. ఇది కొత్త సూత్రమేమీ కాదు. ఐఏఎస్ క్యాడర్ బలం, అంటే ఒక రాష్ట్రానికి ఎందరు అధికారులు కావాలన్నది, నిర్ణయించేటప్పుడు సీనియర్ డ్యూటీ పోస్టుల మీద 16.5 శాతం సెలవులకు, జూనియర్ పోస్టులకు కలిపి నిల్వగా చేరుస్తారు. శిక్షణ కోసం మరో 3.5 శాతం చేరుస్తారు. రైల్వేలోనూ సెలవు నిల్వ పోస్టులన్న లెక్క ఉంది. డ్రైవరు సెలవులో ఉన్నాడు గనుక ఈ ఏడు ఈ బండి నడవదని అక్కడ ఎవరూ రాయరు. ఆరుగురికి ఏడుగురంటే అదనంగా కావలసింది 16.7 శాతం. ఐఏఎస్ అంకెకు ఇది దగ్గరగా ఉండడం కాకతాళీయమే గానీ, పరిపాలకుల సెలవును ముందే లెక్కలో పెట్టుకున్న వ్యవస్థ పండితుల సెలవును మరచిపోవడం కాకతాళీయమని నేను అనుకోను. నా సర్వీసులో నేను చూసిన పోస్టుల మంజూరు ఉత్తర్వులన్నీ విద్యార్థుల సంఖ్య, బోధన గంటలు ఆధారంగా తయారైనవే. పరిశోధన సెలవు కోసం ఇన్ని అన్న గడి వాటిలో ఎక్కడా లేదు.

ఇక నియామకాలు ఎందుకు జరగవన్న సంగతి. అధ్యాపకుడు ఉద్యోగంలో చేరిన రోజునే ఆయన పదవీ విరమణ తేదీ సర్వీసు రిజిస్టరులో లెక్కకు వచ్చేస్తుంది. దశాబ్దాల ముందే తెలిసిన తేదీ వచ్చి మీద పడేసరికి విశ్వవిద్యాలయం ఆశ్చర్యపోవడం, అప్పుడు ఖాళీ గుర్తించి ఆర్థిక శాఖ అనుమతి కోసం ఫైలు కదపడం, అది తిరిగి వచ్చేలోగా ఉపకులపతి పదవీకాలం ముగియడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. అనుమతి వచ్చాక రోస్టర్, అంటే రిజర్వేషన్ల ప్రకారం ఏ పోస్టు ఏ వర్గానికో చూపే పట్టిక, తయారు కావాలి. రోస్టర్ విషయంలో దేశం ఎంత గందరగోళం చూసిందో తెలిసిందే. రిజర్వేషన్ల లెక్కకు శాఖను యూనిట్‌గా తీసుకోవాలని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇవ్వడం, దాన్ని అనుసరించి 2018 మార్చిలో యూజీసీ ఉత్తర్వు రావడం, చిన్న శాఖల్లో రిజర్వుడు పోస్టులు దాదాపు మాయమయ్యే పరిస్థితి రావడంతో ఆందోళనలు జరగడం, చివరకు కేంద్ర విద్యాసంస్థలకు సంస్థ మొత్తాన్నీ యూనిట్‌గా తీసుకునే చట్టం 2019లో రావడం జరిగాయి. ఆ మధ్యకాలంలో ఎన్నో నోటిఫికేషన్లు ఆగిపోయాయి. ఆలస్యానికి రిజర్వేషన్లు కారణమని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. రోస్టర్ రిజిస్టరును ఏటా సరిగ్గా రాసుకుంటూ వస్తే అభ్యర్థి కోర్టుకు వెళ్లే అవసరమే చాలాసార్లు రాదు. దాన్ని నోటిఫికేషన్ ముందురోజు కూర్చుని తయారు చేస్తే తప్పులు దొర్లుతాయి, స్టే వస్తుంది, నింద మాత్రం నియమం మీద పడుతుంది.

అర్హతల విషయంలోనూ నిలకడ లేదు. విశ్వవిద్యాలయ సహాయ ఆచార్యుడికి పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018లో చెప్పి, 2021 జులై నుంచి అమలు చేస్తామని చెప్పి, అది వాయిదా పడి, 2023లో అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్, స్లెట్, సెట్‌లలో ఏదో ఒకటి కనీస అర్హతగా చాలు, పీహెచ్‌డీ ఐచ్ఛికమని మార్చారు. ఏది మంచిదన్న వాదనలోకి నేను పోను. ఆ నియమాన్ని నమ్ముకుని ఐదేళ్లు థీసిస్ రాసిన అభ్యర్థి గురించి మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఎంపిక విధానం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 2018 నియమావళిలో చదువు మార్కులకు, పరిశోధనకు, పురస్కారాలకు వేసే పాయింట్లన్నీ అభ్యర్థులను ఇంటర్వ్యూకు వడపోయడానికే పనికివస్తాయి. తుది ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభ మీదనే. పదేళ్ల కృషిని గది గుమ్మం దగ్గర చెప్పులతోపాటు వదిలి లోపలికి వెళ్లాలన్నమాట. ఎంపిక సంఘంలో ఉపకులపతి, కులపతి నామినీ, ముగ్గురు బయటి నిపుణులు, డీన్, శాఖాధిపతి ఉంటారు. సామాజిక వర్గాల ప్రతినిధి కూడా ఉండాలి. కూర్పులో లోపం లేదు. నిపుణులను ఎవరు ఎంచుకున్నారు, ఎప్పుడు పిలిచారు, అభ్యర్థి రాసిన వ్యాసాలు వారికి ముందుగా పంపారా లేదా అన్నదాన్ని బట్టి ఆ కూర్పు న్యాయసభ అవుతుంది, లేదంటే తంతు అవుతుంది. నేను బయటి నిపుణుడిగా వెళ్లిన ఒకచోట అభ్యర్థుల జాబితా నా చేతికి వచ్చింది ఇంటర్వ్యూ మొదలయ్యే ఉదయమే. ఒక్కొక్కరికి దక్కింది పావుగంట కూడా కాదు. ఆ సమయంలో నేను గ్రహించగలిగింది అభ్యర్థికి ధైర్యం ఉందో లేదో మాత్రమే. రిజర్వుడు పోస్టుకు తగిన అభ్యర్థి దొరకలేదని ఒక్క వాక్యంలో రాసి పోస్టును మళ్లీ ఖాళీగా వదిలే పద్ధతి మరీ బాధాకరం. ఎవరు ఏ విషయంలో తగలేదో, ఆ నిర్ణయానికి ఎవరు అంగీకరించారో, ఎవరు అంగీకరించలేదో రాతలో ఉండాలి.

జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం తన సొంత ఉద్యోగినే ఆచార్య పీఠానికి పిలవడాన్ని సాధారణంగా ఒప్పుకోరు. బయటికి వెళ్లి నిరూపించుకుని రావాలి. ఇటలీలో 2010 సంస్కరణ తర్వాత ముందు జాతీయ స్థాయిలో అర్హత సంపాదించాకే స్థానిక పోటీకి వెళ్లాలన్న నియమం పెట్టారు. రెండింటి ఉద్దేశమూ ఒకటే, గురువు తన శిష్యుణ్ని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకోవడాన్ని కష్టం చేయడం. మన శాఖల్లో డిగ్రీ నుంచి పదవీ విరమణ దాకా ఒకే కారిడార్‌లో గడిపినవారు ఎందరో ఉన్నారు. నేనూ వారిలో ఒకడిని. నాకు దక్కని ఆ ఏడాది సెలవు నన్ను ఆ కారిడార్ బయటికి తీసుకెళ్లి ఉండేది.

ఖాళీ పోస్టుకూ నిరాకరించిన సెలవుకూ మధ్య నలిగిపోతున్నది మూడో మనిషి. కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతానికి మించకూడదని 2018 నియమావళి చెబుతుంది. నా శాఖలో ఒక దశలో పాఠం చెప్పేవారిలో సగం మంది తాత్కాలికులే. వారిలో పన్నెండేళ్లుగా అదే గదిలో అదే పాఠం చెబుతున్నవారూ ఉన్నారు. శాశ్వత అధ్యాపకుడు సెలవు మీద వెళ్తే ఆయన గంటలు వీరికే పోతాయి, గంటకింత అన్న లెక్కన. వీరికి ఏ సెలవూ లేదు. వీరూ పీహెచ్‌డీలే, వీరూ వ్యాసాలు రాస్తారు, ఆ రాసే సమయానికి మాత్రం జీతం లేదు. ఒకరి పరిశోధన సంవత్సరాన్ని మరొకరి జీతం లేని వేసవి మీద నిలబెట్టే ఏర్పాటును, పరిశోధనను ఎంతగా కోరుకునేవాడినైనా, నేను సమర్థించలేను. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తాత్కాలికంగా పనిచేసినంత మాత్రాన క్రమబద్ధీకరణ హక్కు రాదని, నియామకాలు బహిరంగ పోటీలో జరగాలని చెప్పింది. సూత్రంగా అది సరైనదే. అయితే ఆ పోటీని పన్నెండేళ్లు జరపని యాజమాన్యం ఆ తీర్పును తన రక్షణకు వాడుకుంటున్నది. ఇది మన ఒక్కరి సమస్య కాదు. జర్మనీలో 2007 చట్టం పరిశోధకులను డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు తాత్కాలిక ఒప్పందాల మీద ఉంచనిచ్చింది. కొందరు శాశ్వతంగా కూర్చుంటే వ్యవస్థ పూడుకుపోతుందని, హన్నా అనే కల్పిత పరిశోధకురాలి కథతో ప్రభుత్వ శాఖ ఒక వీడియో చేస్తే, 2021లో వేలమంది తాత్కాలిక పరిశోధకులు 'నేనే హన్నాను' అంటూ తమ ఒప్పందాల చరిత్రను బయటపెట్టారు.

నా వృత్తి వారి తప్పులు దాచడం నా ఉద్దేశం కాదు. సెలవు తీసుకుని ఇంట్లో కూర్చున్నవారు ఉన్నారు, పిల్లల చదువు కోసం ఊరు మారడానికి దాన్ని వాడుకున్నవారు ఉన్నారు, మరోచోట ఉద్యోగం వెతుక్కుని బాండు సొమ్ము కట్టి వెళ్లిపోయినవారు ఉన్నారు. సబాటికల్ కాలంలో వేరే సంస్థలో రెగ్యులర్ ఉద్యోగం చేయకూడదన్న నియమం ఉంది గానీ, ఏమీ చేయకుండా ఉండకూడదన్న నియమాన్ని అమలు చేయడం కష్టం. దీనికి మందు తిరిగి వచ్చిన ఆర్నెల్లలోపు శాఖలో విద్యార్థుల ఎదుట ఆ ఏడాది పనిని వివరించే ఉపన్యాసం తప్పనిసరి చేయడం. రిజిస్ట్రార్‌కు ఇచ్చే నాలుగు పేజీల నివేదికను ఎవరూ చదవరు. విద్యార్థి అడిగే ప్రశ్నకు మాత్రం ఎవరైనా జవాబు చెప్పాలి. పని ఫలించకపోతే అదీ చెప్పవచ్చు. ఏడాది ప్రయత్నించి ఒక దారి మూసుకుపోయిందని తేల్చడం కూడా పరిశోధనే, దాన్ని సోమరితనంతో కలిపి లెక్కించకూడదు.

నేను కోరుతున్నవి పెద్ద సంస్కరణలు కావు. మంజూరైన పోస్టుల సంఖ్యలో ప్రతి ఆరింటికి ఒకటి సెలవు నిల్వగా చూపాలి. చిన్న శాఖలకు అది అసాధ్యమైతే రెండు మూడు దగ్గరి శాఖలకు కలిపి చూపాలి. వచ్చే ఐదేళ్లలో ఎవరెవరు ఏ నెలలో పదవీ విరమణ చేస్తారో ఏటా ఒక పట్టికగా ప్రకటించి, ఆ తేదీకి ఏడాది ముందే నోటిఫికేషన్ ఇవ్వాలి. సెలవు మీద వెళ్లినవారి స్థానంలో వచ్చే వ్యక్తిని గంటల లెక్కన కాకుండా, ఏడాది పూర్తి జీతంతో, వేసవితో సహా నియమించాలి. అలాంటి ఏడాది నియామకాలు రెండు మూడు చేసిన అభ్యర్థికి శాశ్వత పోస్టు ఇంటర్వ్యూలో ఆ అనుభవానికి స్పష్టమైన మార్కులు ఉండాలి. సెలవు నిరాకరిస్తే దరఖాస్తుదారుకు కారణంతోపాటు మళ్లీ ఎప్పుడు తన వంతు వస్తుందో తేదీ కూడా చెప్పాలి. శాఖలో సెలవుల వరుస అందరికీ తెలిసేలా ఉంటే అధికారి దగ్గరివారికే సెలవు దొరుకుతుందన్న అపవాదు కూడా తగ్గుతుంది.

డబ్బెక్కడిది అని అడుగుతారు. ఖాళీ పోస్టు వల్ల ప్రభుత్వానికి జీతం మిగిలినట్టు కనబడుతుంది. ఆ మిగులులో కొంత అతిథి అధ్యాపకుల గంటలకు, కొంత కోర్టు ఖర్చులకు పోతుంది. లెక్కకు రాని మిగతా భాగాన్ని సగం పాఠ్యప్రణాళికతో బయటికి వెళ్తున్న విద్యార్థి, పర్యవేక్షకుడు దొరకక థీసిస్ సాగదీస్తున్న పరిశోధకుడు కడుతున్నారు. నేను సిఫారసు చేయలేకపోయిన ఆ యువ సహోద్యోగి ఇప్పుడు సీనియర్ ఆచార్యుడు. రేపో మాపో శాఖాధిపతి అవుతాడు. ఆయన బల్ల మీదికి వచ్చే మొదటి దరఖాస్తు మీద ఆ పాత వాక్యాన్ని రాయవలసిన అవసరం రాకూడదంటే, ఈ ఏటి బడ్జెట్ ప్రతిపాదనల్లోనే విశ్వవిద్యాలయాలు సెలవు నిల్వ పోస్టులను అడగాలి. అడిగాక ఆర్థిక శాఖ ఏ కారణంతో తోసిపుచ్చిందో మీ పత్రిక ప్రచురించగలిగితే చర్చ సరైనచోట మొదలవుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆచార్యుడు